పేరు రాయని స్లైడు

పోయిన ఎండాకాలం సెలవుల్లో ఆరు వారాల పాటు నేను పేడ కలపడం నేర్చుకున్నాను. ఫీజు కట్టి మరీ నేర్చుకున్నాను.

ఈ సంగతి ఇంట్లో చెప్తే మా అవ్వ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: "గిందుకేనా బిడ్డా, నిన్ను గంత సదివిచ్చింది?"

ఆ ప్రశ్నకు జవాబుగా ఈ ఆదివారం భాగం రాస్తున్నాను. కొంచెం పొడుగే ఉంటుంది. పరీక్షలున్న పిల్లలు పరీక్షలయ్యాక చదవండి.

మాది మాదిగ ఇల్లు. ఊళ్ళో గొడ్డు చస్తే కబురు మా వాడకే వచ్చేది. నాయిన, పెద్దనాయిన పోయి మోసుకొచ్చి తోలు ఒలిచేవాళ్ళు. అవ్వ బోటి కడిగేది. నేను బడికి పోవడం మొదలుపెట్టిన రోజు నాయిన ఒకే ఒక్క షరతు పెట్టాడు. గొడ్డు కోసే చోటికి నేను రావద్దు. వస్తే కాళ్ళిరగ్గొడతానన్నాడు. అట్లా ఆయన తన పని నుంచి తప్పించిన చేతులు నావి. ఆ చేతులు పలక పట్టాయి, పెన్ను పట్టాయి, తెలుగు సాహిత్యంలో డాక్టరేటు పట్టా కూడా పట్టుకున్నాయి. ముప్పై దాటాక అవే చేతులు పంజాగుట్టలో ఒక సందు లోపల, మందుల షాపు పైనున్న రెండు గదుల పశువుల ల్యాబులో, గ్లవుజులు తొడుక్కుని పేడ కలిపాయి.

దీనికి కారణం మా చిన్నమ్మ ఆవు.

చిన్నమ్మ ఎస్సీ కార్పొరేషన్ లోనుతో ఒక సంకరజాతి ఆవును కొన్నది. రెండు ఈతలు బాగా పాలిచ్చింది. ఒక జూన్ నెలలో దానికి జ్వరం వచ్చింది. మేత మానేసింది. భుజం ముందర గడ్డ కోడిగుడ్డంత లేచింది. ఎవరో పసరు పోశారు, ఎవరో జ్వరం సూది వేశారు. వారం తిరక్కముందే పోయింది. చెవికి ట్యాగు ఉంది, బీమా ఉంది. కానీ ఆవు దేనితో చచ్చిందో చెప్పే కాగితం మా దగ్గర ఒక్కటీ లేదు. బీమా రాలేదు. ఆవు పోయి అప్పు మిగిలింది.

చిన్నమ్మ బిడ్డ అప్పుడు పదో తరగతి. ఇంటర్‌లో చేరకుండా పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్ళ డిప్లొమాలో చేరింది. రెండో ఏడు చదువుతుండగా ఒక రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, మన ఆవుకు వచ్చింది థైలేరియా అయ్యుంటది. చెవి నరం మీద సూది గుచ్చి ఒక్క బొట్టు రక్తం గాజు పలక మీద తీస్తే తెలిసిపోయేదక్కా."

ఒక్క బొట్టు. ఆ ఫోన్ తర్వాత నాకు నిద్ర పట్టలేదు.

చెల్లె డిప్లొమా అయ్యాక ఈ ల్యాబులో టెక్నీషియన్‌గా కుదిరింది. కుదిరిన నెలకే నన్ను పట్టుకుంది. "నువ్వు తెలుగుల పీహెచ్‌డీ గదా. పుస్తకాలన్ని ఇంగ్లీషుల ఉన్నయ్. మన వాడ పోరగాండ్లకు అర్థమయ్యేటట్టు తెలుగుల రాసియ్యి." చూడని పని గురించి రాయలేనన్నాను. "అయితే వచ్చి చూడు" అంది. డిప్లొమా పిల్లలకు శిక్షణ ఇచ్చే బ్యాచ్‌లో డాక్టరు గారు నన్నూ కూర్చోబెట్టారు. వయసులో నేనే పెద్ద. నాకు పాఠం చెప్పేది నా చెల్లె.

చెల్లె ఉండేది అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్‌లో. ఆ ఆరు వారాలూ నేనూ అక్కడే గెస్టుగా ఉన్నాను. మైత్రీవనం చుట్టుపక్కల గోడలు, స్తంభాలు, జిరాక్స్ షాపుల తలుపులు అన్నీ కోర్సుల పేర్లే. పాంప్లెట్ పంచే పిల్లవాడు రోజూ నా చేతిలో ఒకటి పెట్టేవాడు. "మేడం, డెమో ఫ్రీ." నేను వేరే కోర్సులో ఉన్నానంటే ఏ కోర్సని అడిగాడు. పేడ పరీక్ష అంటే నమ్మలేదు.

అక్కడి నుంచి పంజాగుట్టకు నడిచేవాళ్ళం. చౌరస్తా దాటేటప్పుడు 2019 ఏప్రిల్ 13 గుర్తొచ్చేది. జయంతికి ఒక్కరోజు ముందు ఇక్కడే పెట్టిన అంబేడ్కర్ విగ్రహాన్ని మున్సిపాలిటీ తీసేసి చెత్త యార్డుకు తరలించిన రోజు అది. అది దాటితే నిమ్స్. ఫైళ్ళు ఒళ్ళో పెట్టుకుని పుట్‌పాత్ మీద కూర్చున్న జనం. వాళ్ళలో సగం మంది రక్తం రిపోర్టు కోసం ఎదురుచూసేవాళ్ళే.

మా ల్యాబుకు ఎక్కువగా వచ్చేవి కుక్కలు. బంజారాహిల్స్ నుంచి, సోమాజిగూడ నుంచి కార్లలో వచ్చే పెంపుడు కుక్కలు. పిడుదులు కరిచి జ్వరం వస్తే పొద్దున రక్తం, మధ్యాహ్నానికి రిపోర్టు. కుక్కల మీద నాకు కోపం లేదు. వాటి జ్వరం కూడా జ్వరమే. కానీ ఒక లాబ్రడార్ రిపోర్టు టైపు చేస్తున్న చెల్లె ముఖం చూసినప్పుడల్లా చిన్నమ్మ ఆవు గుర్తొచ్చేది. కుక్కకైనా ఆవుకైనా అదే మైక్రోస్కోపు, అదే రంగు, అదే గాజు పలక. మా ఊరికి ఆ ల్యాబు దూరం, అంతే.

మొదటిరోజు చెల్లె నా చేతికి మైక్రోస్కోపు ఇవ్వలేదు, పెన్సిలిచ్చింది. స్లైడుకు ఒక చివర గరుకుగా ఉంటుంది. అక్కడ పశువు గుర్తు, యజమాని పేరు, తేదీ రాయాలి. పెన్నుతో రాస్తే తర్వాత పోసే మిథనాల్‌కు సిరా కొట్టుకుపోతుంది. పెన్సిల్ రాత ఉంటుంది.

"రక్తం తీసినంక రాస్త అనద్దక్కా. ముందే రాయాలె. పేరు లేని స్లైడు ఎంత మంచిగున్నా చెత్తల ఏసుడే."

ఎందుకని అడిగాను. "అది ఎవరి రక్తమో ఎట్ల తెలుస్తది మరి?"

తర్వాత రక్తం పూత. స్లైడు ఒక చివర చిన్న బొట్టు. ఇంకో స్లైడును వంచి పట్టుకుని బొట్టును తాకించాలి. రక్తం అంచు వెంట పాకగానే ఒకే తీరుగా ముందుకు తొయ్యాలి. భయపడి ఆగితే గీతలు పడతాయి. బలంగా నొక్కితే తెల్ల కణాలన్నీ చివరికి కొట్టుకుపోతాయి. బాగా వస్తే చివర పక్షి ఈకలా పలచబడుతుంది, కణాలు ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా పరుచుకుంటాయి. నాకది కుదరడానికి నాలుగు రోజులు, ఇరవై ముప్పై స్లైడులు పట్టాయి.

ఆరనివ్వాలి. ఆరేలోపు ఈగలు రాకుండా చూడాలి, అవి రక్తాన్ని నాకేస్తాయి. మిథనాల్‌లో అయిదు నిమిషాలు. జీమ్సా రంగు ఒక పాలు, బఫర్ నీళ్ళు తొమ్మిది పాళ్ళు కలిపి అరగంటకు పైగా. కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి, వంద రెట్ల లెన్సు కింద చూడాలి.

థైలేరియా ఎర్ర కణం లోపల చిన్న ఉంగరంలా, కామాలా కనిపిస్తుంది. బబీసియా అయితే రెండు వేపగింజలు మొనల దగ్గర కలిసినట్టు. అనాప్లాస్మా కణం అంచున పెట్టిన చుక్క. జీవితమంతా అచ్చుతప్పులు దిద్దినదాన్ని, చుక్కలూ కామాలూ నాకు తేలికే అనుకున్నాను. మూడో రోజే "దొరికింది!" అని అరిచాను. చెల్లె వచ్చి ఫోకస్ కాస్త పైకీ కిందికీ తిప్పింది. నేను చూసిన చుక్కలు కణాల కంటే పైన తేలుతున్నాయి. రంగు సరిగా కడక్కపోతే మిగిలే మరక అది. "పురుగైతే కణం లోపటుంటది. ఇది పైన పడ్డ చెత్త" అంది.

ఆ మాటను నేను క్లాసులో ఇప్పటికీ వాడుతున్నాను. ఒక పద్యం లోపల ఉన్నదేదో, దాని మీద మనం పోసిన రంగేదో చూసుకోమని పిల్లలకు చెప్తున్నాను.

రెండో వారం పేడ. వడగట్టడానికి వాడేది టీ వడపోసే జల్లెడే. నాలుగైదు గ్రాముల పేడను నీళ్ళలో కలిపి, వడగట్టి, నిలబెట్టాలి. గుడ్లు అడుక్కు చేరతాయి. పై నీళ్ళు వంచేసి మళ్ళీ నీళ్ళు పొయ్యాలి. నీళ్ళు తేటయ్యే దాకా ఇదే పని. చివరికి మిగిలిన మడ్డిలో ఒక చుక్క మిథిలీన్ బ్లూ. చుట్టూ అంతా నీలంగా మారితే కార్జపు జలగ గుడ్డు పసుపుగా మెరుస్తుంది, పొట్ట జలగ గుడ్డు రంగు లేకుండా ఉంటుంది. గుండ్రటి పురుగుల గుడ్లకైతే ఇంకో పద్ధతి. ఉప్పు ఇక కరగనంతగా కలిపిన నీళ్ళలో ఆ గుడ్లు పైకి తేలతాయి. జలగ గుడ్లు బరువైనవి, అందులో సరిగా తేలవు. తేల్చే పరీక్ష ఒక్కటే చేసి పురుగు లేదని రాసిస్తే జలగలున్న బర్రె జలగలతోనే ఇంటికి పోతుంది.

పొట్ట జలగ బొమ్మ పుస్తకంలో చూసినప్పుడు నా చెయ్యి ఆగిపోయింది. అది నాకు తెలుసు. అవ్వ బోటి కడిగేటప్పుడు పొట్ట లోపలి గరుకు పొర మీద ఎర్రెర్రగా అతుక్కుని ఉండేవి. కత్తి వెనక వైపుతో గీకి పారేసేది. వాటిని "దానిమ్మ ఇత్తులు" అనేది. నిజంగా అట్లాగే ఉంటాయి. దానిమ్మ ఇత్తులు ఎక్కువున్న గొడ్డు బక్కగా ఉంటుందని, పారుకుని చస్తుందని కూడా అనేది. పుస్తకంలో ఆ ముక్కే ఒక పేరా ఉంది.

నాయినకు కార్జం తెలుసు. కొన్ని గొడ్ల కార్జం కోస్తే కత్తికి ఇసుక తగిలినట్టు కరకరమంటుందని చెప్పేవాడు. ఆ కార్జం ఇంటికి తెచ్చేవాడు కాదు. కార్జపు జలగలు చాలాకాలం ఉంటే పశువుల్లో పిత్తం పోయే గొట్టాలు దళసరెక్కి సున్నం పేరుకుంటుంది. ఆ కరకర ఆ సున్నానిదే. ఇంకో మాట కూడా అనేవాడు. చెరువు శిఖంలో మేసిన గొడ్లకే ఇట్లయితదని. జలగ గుడ్డు నీళ్ళలో పగిలి, దాని పిల్ల ఒక రకం నత్తలో చేరి, అక్కడ పెరిగి, బయటికొచ్చి తడి గడ్డికి అంటుకుంటుంది. ఆ గడ్డి మేసిన పశువు లోపలికి పోతుంది. నాయినకు నత్త సంగతి తెలియదు. చెరువు సంగతి తెలుసు. మా వాడ గొడ్లు శిఖంలోనే ఎందుకు మేస్తాయో కూడా తెలుసు. మాకు సొంత చెలకలు లేవు, ఎవరి గట్టు మీదా మేపనివ్వరు.

ఇక్కడ ఆగి ఒక విషయం ఒప్పుకోవాలి. ఈ జ్ఞాపకాలు రాగానే నాలో ఒక గర్వం మొదలైంది. నా క్లాసులో నేను చెప్పే పాఠమే అది. కంచ ఐలయ్య గారు 2009లో వచ్చిన పోస్ట్ హిందూ ఇండియా పుస్తకంలో తోలుపని కులాలను శాస్త్రవేత్తలుగా చూపించారు. ఆ పుస్తకం చదివినప్పుడు నా వెన్ను నిటారుగా అయింది. మా నాయిన శాస్త్రవేత్త, మా అవ్వ శాస్త్రవేత్త అని రాసుకున్నాను. చాలా లైకులు వచ్చాయి.

మూడో వారం దొమ్మ రోగం పాఠం వచ్చింది. ఆంత్రాక్స్. ముక్కు నుంచి, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతూ గడ్డ కట్టకుండా ఉంటే ఆ గొడ్డును కోయకూడదు. కోస్తే సూక్ష్మజీవి గాలి తగిలి గింజ కడుతుంది, ఆ గింజలు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి. చెవి దగ్గర ఒక బొట్టు రక్తం తీసి పరీక్ష చెయ్యాలి, కళేబరాన్ని సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. మనిషికి సోకితే చర్మం మీద నొప్పి లేని నల్లటి పుండు.

మా తాత ముంజేతి మీద ఒక లోతైన మచ్చ ఉండేది. "గొడ్డు పుండు" అనేవాడు. ఆయన తమ్ముడికి అదే పుండు మెడ మీద వచ్చింది, బతకలేదు. రక్తం గడ్డ కట్టని గొడ్డును ముట్టొద్దని మా వాడకు తెలుసు. ఆ సంగతి ఎవరి ఒంటి మీద తేలిందో కూడా తెలుసు. కానీ ఊరి పెద్ద గొడ్డు తియ్యమన్నప్పుడు తియ్యనని అనే వీలు మా తాతకు లేదు. అది వెట్టి. గ్లవుజు లేదు, సబ్బు లేదు, కాదనే హక్కు లేదు.

ల్యాబులో మొదటి పాఠం ఒంటిని కాపాడుకోవడం. మా తాతకు దక్కనిది అదే. మా వాళ్ళను శాస్త్రవేత్తలనడంలో తప్పు లేదు. ఆ మాటతో ఆగిపోతేనే తప్పు. అట్లా ఆగిపోతే తాత మచ్చ కూడా ఒక బిరుదులా మారిపోతుంది. 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ చచ్చిన గొడ్డు మాంసం మానెయ్యమన్నది మన చేతుల్లో విద్య లేదని కాదు. ఆ విద్య మన మెడకు కట్టిన తాడు కాబట్టి. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్న పిల్లలను కట్టేసి కొట్టారు. వాళ్ళు చేస్తున్నది తరతరాలుగా ఊరు చేయించుకున్న పనే.

ల్యాబులో కూడా అంటు ఉంది. పేడ జల్లెడ వేరు, టీ జల్లెడ వేరు. రక్తం గది వేరు, అన్నం తినే చోటు వేరు. మొదట్లో నాకు ఒళ్ళు జలదరించేది. మా ఊరి హోటల్లో రెండు గ్లాసులు చూసినదాన్ని కదా. తర్వాత తేడా అర్థమైంది. ఇక్కడి అంటు సబ్బుతో, బ్లీచింగ్ నీళ్ళతో పోతుంది. పోయాక ఎవరూ గుర్తు పెట్టుకోరు. డాక్టరు గారి చేతికి అంటినా, ఊడ్చే ఆమె చేతికి అంటినా కడుక్కునే సింకు ఒక్కటే. మా తాత రోజూ చెరువులో స్నానం చేసేవాడు. ఆయన అంటు మాత్రం పోలేదు.

రాత్రుళ్ళు హాస్టల్‌లో కూర్చుని తెలుగు నోట్సు రాసేదాన్ని. మాటల దగ్గర రోజూ చిక్కే. పాఠ్యపుస్తకాల్లో పురుగును పరాన్నజీవి అంటారు, అంటే ఇతరుల అన్నం మీద బతికేది. దాన్ని మోసే పశువును ఆతిథేయి అంటారు. పురుగు అతిథి, ఆవు ఇంటావిడ అన్నమాట. చెల్లె పడీపడీ నవ్వింది. "పిలవకుండ వచ్చి నెత్తురు తాగేటోన్ని సుట్టమంటరా?" ఇతరుల కష్టం తిని బతికేది ఎవరన్నది మన పిల్లలకు నేను విడిగా చెప్పనక్కర్లేదు. నోట్సులో "పట్టిన పురుగు", "మోసే పశువు" అని రాశాను. పొట్ట జలగ పక్కన "దానిమ్మ ఇత్తులు" అని రాశాను. మొదటిసారి మా అవ్వ మాట ఒక సైన్సు నోట్సులో పడింది.

నాలుగో వారం ఒక గొర్రెల కాపరి పాలిపోయిన గొర్రెను ఆటోలో వేసుకొచ్చాడు. దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతోంది. సన్నటి గాజు గొట్టంలో రక్తం పట్టి యంత్రంలో అయిదు నిమిషాలు తిప్పారు. గొర్రె రక్తంలో ఎర్ర కణాల పాలు మామూలుగా 27 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. ఆ గొట్టంలో 13. పేడలో గుండ్రటి పురుగు గుడ్లు కుప్పలు. హీమాంకస్ అనే పురుగు ఒక్కోటి రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం పోగొడుతుంది. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. ఆ కాపరి అప్పటికే కంటి రెప్ప తిప్పి చూసి చెప్పాడు: "సారూ, దీనికి నెత్తురు లేదు." యంత్రం ఆ మాటకు అంకె కట్టింది.

ఒక ఆదివారం చెల్లె, నేను బేగంపేట పోయాం. మా ల్యాబుకు దగ్గరే. సర్ రోనాల్డ్ రాస్ పేరు మీద పరాన్నజీవుల పరిశోధన సంస్థ ఉన్నది అక్కడే. అప్పట్లో అది సైనిక ఆసుపత్రి. 1897 ఆగస్టు 20న రాస్ ఒక దోమ కడుపు కోసి చూస్తే మలేరియా పురుగు రంగు గింజలున్న కణాలు కనిపించాయి. దోమ ముక్కలు ఎగిరిపోతాయని అంత ఉక్కలోనూ పంకా ఆపించేశాడు. చెమటకు మైక్రోస్కోపు స్క్రూలు తుప్పు పట్టాయి. 1902లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పుడు ప్రపంచమంతా దోమల దినంగా జరుపుతుంది.

ఆ దోమ ఎవరి రక్తం తాగింది? హుసేన్ ఖాన్ అనే రోగి రక్తం. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆయనకు ఇచ్చారు. ఆ పేరు మనకు ఎట్లా తెలుసు? రాస్ రాసి పెట్టాడు కాబట్టి. తోక పైకెత్తి గోడ మీద వాలిన కొత్తరకం దోమను రాస్‌కు చూపించింది ఆసుపత్రిలోని ఒక సహాయకుడు. మలేరియా మోసే దోమ వాలే తీరు అదే. 1923లో అచ్చయిన తన స్వీయకథలో రాస్ ఆ సహాయకుణ్ణి తలుచుకున్నాడు, పేరు మరిచిపోయినందుకు విచారం కూడా చెప్పాడు. కళ్ళుండి చూసినవాడు, చూపించినవాడు, చరిత్రలో పేరు లేకుండా నిలబడిపోయాడు. పంకా లాగే మనిషి సంగతి ఇక చెప్పనక్కర్లేదు.

గేటు ముందు నిలబడి చెల్లె అంది: "స్లైడు మీద పేరు రాయలేదక్కా."

పశువుల వైపు కూడా ఇదే కథ ఉంది. దోమ కంటే నాలుగేళ్ళ ముందు, 1893లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ ఒక పశువుల జ్వరం గురించి అచ్చు వేశారు. టెక్సాస్ జ్వరం. దాన్ని పిడుదులు మోస్తాయని రుజువు చేశారు. ఒక పురుగు కాటుతో జబ్బు ఒక జీవి నుంచి ఇంకో జీవికి పోతుందని అంత గట్టిగా తేలింది అప్పుడే. కిల్బోర్న్ పశువైద్యుడు. కానీ వాళ్ళకంటే ముందే పశువులు కాసేవాళ్ళు పిడుదుల వల్లే అని చెప్తూ వచ్చారు, చదువుకున్నవాళ్ళు నవ్వారు. స్మిత్ నవ్వకుండా ఆ మాటను పరీక్షకు పెట్టాడు. కాపరుల మాట నిజమైంది, స్మిత్ పేరు నిలిచింది. నాకు స్మిత్ మీద ఫిర్యాదు లేదు. విన్నాడు, పరీక్షించాడు, రాశాడు. మన ఊళ్ళలో వినేవాళ్ళే లేరు. మనం కూడా రాసుకోలేదు.

ఆరో వారం నడుస్తుండగా ఊరి నుంచి చిన్నమ్మ ఫోన్. పక్క వీధి ఆవుకు జ్వరం, భుజం ముందర గడ్డ. సరిగ్గా మన ఆవుకు వచ్చినట్టే. చెల్లె వెంటనే పెద్దనాయినను పిలవమంది. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు ఆయనకు ఆమె రక్తం పూత నేర్పి వచ్చింది. నాలుగు స్లైడులు, సూదులు, ఒక పెన్సిలు అటక మీద డబ్బాలో పెట్టి వచ్చింది. నాకా సంగతి అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే మా ఊరి కుర్రాడొకడు బస్సు దిగి కాగితంలో చుట్టిన రెండు స్లైడులు తెచ్చిచ్చాడు. విప్పి చూసి డాక్టరు గారు అడిగారు, ఇది తీసిందెవరని. చివర ఈక అంచు అద్దంలా ఉంది. మా బ్యాచ్‌లో ఎవరిదీ అంత బాగా రాలేదు. పెద్దనాయిన అరవై ఏళ్ళు ఆరె పట్టినవాడు, తోలు మీద కత్తి ఎంత నొక్కాలో తెలిసిన చెయ్యి. స్లైడు గరుకు చివర ఆయన మనవరాలు పెన్సిల్‌తో తెలుగులో రాసింది. ఆవు గుర్తు, యజమాని పేరు, తేదీ. కింద ఇంకో చిన్న వరుస: "తీసింది మా తాత", పక్కన ఆయన పేరు. పెద్దనాయినకు చదువు రాదు. కానీ మొదటి పాఠం ఆయనకు గుర్తుంది. పేరు రాయందే సూది గుచ్చనివ్వలేదట.

ఎర్ర కణాల్లో ఉంగరాలు, కామాలు. ఈసారి కణాల లోపలే. చెల్లె ఫోకస్ పైకీ కిందికీ మూడుసార్లు తిప్పి చూసింది. డాక్టరు గారు ఊరి పశువుల డాక్టరుకు ఫోన్ చేశారు. బుపర్వాక్వోన్ సూది ఖరీదైనదే, కానీ జబ్బు తొలిదశలో పడితే పనిచేస్తుంది. ఆ ఆవు బతికింది. ప్రతి ఆవూ బతుకుతుందని చెప్పడం లేదు. ఈ ఆవు బతికింది.

రిపోర్టు టైపు చేసేటప్పుడు ఒక చిక్కొచ్చింది. ఆ ఫారంలో పశువు, యజమాని, పరీక్ష చేసినవారు, డాక్టరు ఉన్నారు. నమూనా తీసినవారి పేరుకు గడి లేదు. చెల్లె ప్రింటు తీశాక కింద పెన్నుతో ఒక గీత గీసి, పెద్దనాయిన పేరు రాసి, డాక్టరు గారి ముందు పెట్టింది. ఆయన ఒక్క క్షణం చూసి సంతకం చేశారు. తర్వాతి వారం ఫారంలో ఆ గడి వచ్చింది.

మిత్రులారా, నోట్సు ఇరవై రెండు పేజీలయింది. చెల్లె, డాక్టరు గారు దిద్దారు. మీ ఊళ్ళో పశువులున్న వాడకు కావాలంటే అడగండి, పంపిస్తాను. ఇది చదివి ఎవరూ సొంతంగా మందులు వెయ్యొద్దు, అది పశువైద్యుల పని. దొమ్మ అనుమానం ఉన్న గొడ్డును ఎవరు చెప్పినా కొయ్యొద్దు. కోయమని బలవంతం చేస్తే అది నేరం, నలుగురినీ పిలవండి.

విద్యార్థులకు ఒక పని చెప్తున్నాను. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వను, తాతను కూర్చోబెట్టి పశువుల జబ్బుల గురించి అడగండి. వాళ్ళ మాటల్లోనే రాయండి. నిజమో కాదో తర్వాత పరీక్షిద్దాం, కొన్ని తప్పని తేలతాయి, తేలనివ్వండి. కానీ కాగితం పైన ముందు వాళ్ళ పేరు రాయండి. ఊరు రాయండి, తేదీ రాయండి. మాట తర్వాత.

అవ్వకు జవాబు నోటితో చెప్పలేకపోయాను. నోట్సు తీసుకెళ్ళి పొట్ట జలగ ఉన్న పేజీ తెరిచి చదివి వినిపించాను. "దానిమ్మ ఇత్తులు" దగ్గర ఆపి, పక్కన బ్రాకెట్‌లో ఉన్న ఆమె పేరు మీద వేలు పెట్టి చూపించాను. అవ్వ ఆ అక్షరాల మీద తన వేలు పెట్టింది. బోటి కడిగి కడిగి అరిగిన వేలు.

"గిది నా పేరా?" అంది.

అవునన్నాను.

"మల్ల సదువు" అంది.

జై భీమ్.